కుండీలో చౌడు: ఏడో అంతస్తు బాల్కనీలో ఒక టమాటా కేసు

బెంగళూరులో ఇంటి దగ్గర కూరగాయలు పెంచుకునేవాళ్లకు సలహాలు ఇవ్వడం నా పని. టమాటా కాయ అడుగు నల్లబడి పోతోందని ప్రతి ఎండాకాలం ఫోన్లు వస్తుంటాయి. చాలామందికి ఫోన్లోనే జవాబు చెప్పేస్తాను. నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పోయకండి, కుండీ పెద్దది చేయండి, ఎండకు మట్టి ఆరిపోకుండా పైన ఎండుటాకులు పరచండి అని. ఈ ఇంటివాళ్లకూ మొదట దాదాపు అదే చెప్పాను. ఆ సలహా వల్ల మొక్కలు ఇంకా పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో తెలుసుకోవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. పేర్లు, ఏరియా, అపార్ట్‌మెంట్ వివరాలు వదిలేశాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. స్కూలుకు వెళ్లే బాబు ఉన్నాడు. భర్త తల్లి కూడా వీళ్లతోనే ఉంటారు. ఆవిడది చిత్తూరు వైపు పల్లె. ఏళ్ల తరబడి టమాటా పండించి మదనపల్లె మార్కెట్‌కు తోలిన ఇల్లు. 2023 జూలైలో బెంగళూరులో టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు, "మనమే టమోటా కొనుక్కోవాల్సి వచ్చెనే" అని ఆవిడ బాధపడ్డారట. ఆ మాట విని కోడలు బాల్కనీలో మొక్కలు పెట్టాలని నిర్ణయించుకున్నారు.

ఆమె ఎంచుకున్న రకాలు మంచివి. టమాటాలో కొన్ని రకాలు తీగలా పెరుగుతూనే ఉంటాయి, ఆరేడు అడుగుల కర్రలు కావాలి. పొద రకాలు అలా కాదు. ఒక ఎత్తు వరకు పెరిగి, కొమ్మ చివర పూగుత్తి వేసి ఆగిపోతాయి. కాపు కూడా నాలుగైదు వారాల్లో దాదాపు అంతా వచ్చేస్తుంది. జారుడు రకాల్లో కొమ్మలు సన్నగా, మెత్తగా ఉండి బుట్ట అంచు మీదుగా కిందికి వేలాడతాయి. వాటికి చెర్రీ సైజు కాయలు గుత్తులుగా కాస్తాయి. బాల్కనీకి ఈ రెండూ సరిపోతాయి.

2023 అక్టోబర్‌లో నారు పోసి, మూడు రోమా మొక్కలు 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లలో పెట్టారు. రోమా పొద రకం, కాయ కోలగా, కండగా ఉంటుంది. మట్టిలో సగం ఎర్రమట్టి, మిగతా సగం కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మికంపోస్ట్. జనవరిలో మూడు మొక్కల నుంచి నాలుగు కిలోల దాకా కాయలు కోశారు. ఒక్క కాయ కూడా అడుగు నల్లబడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

ఆ కోత దాకా ఆగకుండా డిసెంబర్ మధ్యలోనే రెండో విడత నారు పోశారు. ఈసారి పది మొక్కలు. ఆరు రోమా బకెట్లు, నాలుగు వేలాడే బుట్టలు. బుట్టల్లో టంబ్లింగ్ టామ్ అనే జారుడు రకం, రెండు ఎరుపు, రెండు పసుపు. బుట్ట వెడల్పు 12 అంగుళాలు, మట్టి ఆరేడు లీటర్లు పడుతుంది. అన్నీ దక్షిణం వైపు బాల్కనీలోనే.

వచ్చిన సమస్య

2024 మార్చి మూడో వారంలో ఆమె ఫోన్ చేశారు. "అన్నా, కాయలన్నీ కింద నల్లగా అయిపోతున్నాయి. ఆకులు ముడుచుకుంటున్నాయి. వైరస్ అని వీడియోలో చెప్పారు, ఒక మొక్క పీకేశాను కూడా." ఫొటోలు పంపారు. రోమా కాయల అడుగున రూపాయి బిళ్లంత మచ్చ, తోలులా గట్టిగా, లోపలికి నొక్కుకుపోయి ఉంది. బుట్టల్లో పూత రాలుతోంది.

ముందు వైరస్ కాదని నిర్ధారించుకున్నాను. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ అయితే కొత్త చిగుళ్లు చిన్నవై, అంచులు పసుపెక్కి, మొక్క గిడసబారుతుంది. ఇక్కడ ముడుచుకున్నవి కింది ఆకులు, నడిమి ఆకులు. రంగు ముదురు ఆకుపచ్చగానే ఉంది, చిగురు మామూలుగా ఉంది. దాహం వేసిన మొక్క తన ఆకు వెడల్పు తగ్గించుకుంటే ఇలాగే కనిపిస్తుంది. ఇక మొక్కలు పీకవద్దని చెప్పాను.

"నీళ్లు తక్కువవుతున్నాయేమో" అంటే, "మట్టి తడిగానే ఉందన్నా, వేలు పెట్టి చూస్తూనే ఉన్నా" అన్నారు. మట్టి తడిగా ఉంటే మొక్కకు దాహం ఎందుకు వేస్తుంది? ఆ ప్రశ్న నేను అక్కడే వేసుకుని ఉండాల్సింది.

మొదటి సలహా, దాని వెనక నా ఆలోచన

కాయ అడుగు నల్లబడటం క్రిమి వల్ల వచ్చే తెగులు కాదు. కాయ చివరి కణాలకు కాల్షియం అందక అవి కూలిపోవడం వల్ల వస్తుంది. కాల్షియం వేరు నుంచి నీటితో పాటే పైకి వెళ్తుంది. ఆకు నీటిని ఆవిరి చేస్తూ బలంగా లాగుకుంటుంది, కాయ అంతగా లాగుకోలేదు. కాబట్టి నీటి ప్రవాహం ఎక్కడ కాస్త తడబడినా నష్టపోయేది కాయే. అందులోనూ వేరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కాయ చివర. మట్టిలో కాల్షియం ఉండి కూడా కాయకు చేరకపోవడమే ఎక్కువగా చూస్తాం.

ఇంత తెలిసి కూడా ఆ రోజు నేను చూసినవి మూడే: మార్చి ఎండ, ఏడో అంతస్తు గాలి, చిన్న బుట్టలు. మొక్కలు తాగేదానికంటే ఆవిరయ్యేది ఎక్కువని తేల్చేసి, ఒకసారి పోసే నీళ్లను ఉదయం, సాయంత్రం రెండుసార్లు చేయమన్నాను. తోడుగా వారానికోసారి లీటరుకు రెండు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి మట్టిలో పోయమన్నాను. ఆకుల మీద కాల్షియం చల్లితే ఆకులోనే ఉండిపోతుంది, కాయకు దిగదు. అందుకే మట్టిలో అన్నాను.

ఆమె అప్పటికే చేస్తున్న రెండు పనులు మాన్పించాను. మొదటిది ఎప్సమ్ సాల్ట్. అది మెగ్నీషియం, వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది. అడుగు నల్లబడే మొక్కకు అది వేస్తే కష్టం పెరుగుతుంది. రెండోది పక్క చిగుళ్లు గిల్లడం. తీగ రకాల వీడియో ఒకటి చూసి ఈ విడతలో ప్రతి ఆకు చంకలోని చిగురునూ గిల్లేశారు. పొద రకానికి కాపు వచ్చేది ఆ పక్క కొమ్మల మీదే. వాటిని తీసేస్తే కాపు తగ్గడమే కాదు, కాయ మీద ఆకు నీడ పోయి ఎండదెబ్బ కూడా తగులుతుంది. ఆమె నూరి వేసిన గుడ్డు పెంకుల వల్ల చెడు లేదు, కానీ అవి కరగడానికి నెలలు పడుతుంది. మూడు వారాల్లో కాయాల్సిన కాయకు అందవు.

ఈ రెండు మాన్పించడం ఇప్పటికీ సరైన సలహానే. నీళ్లు రెండుసార్లు పోయమనడం, కాల్షియం నైట్రేట్ వేయమనడం మాత్రం నిప్పులో నెయ్యి పోసినట్టయింది.

విఫలమైన రెండు వారాలు

ఆమె రోజూ నోట్‌బుక్‌లో రాసుకునే మనిషి. రోమా బకెట్లలో అంతకుముందు కోసిన 24 కాయల్లో 11 నల్లబడ్డాయి. నా సలహా తర్వాత రెండు వారాల్లో కోసిన 36 కాయల్లో 27 పోయాయి. ఆకుల అంచులు ఇటుక రంగులో కాలినట్టు ఎండసాగాయి. బుట్టల్లో చెర్రీ కాయలు కూడా నాలుగైదు అడుగున నల్లబడ్డాయి.

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. రోమా లాంటి కోల కాయలకు ఈ జబ్బు తొందరగా వస్తుంది, చెర్రీ రకాలకు చాలా అరుదు. చెర్రీ కాయకు కూడా వచ్చిందంటే మామూలు నీటి హెచ్చుతగ్గుల కంటే పెద్దదేదో జరుగుతోందని అర్థం. ఫోన్లో ఆమె ఈ మాట చెప్పినప్పుడు బుట్ట చిన్నది కదా అని సరిపెట్టుకున్నాను. ఆమె గొంతులో టెన్షన్ తెలుస్తోంది. నేను చెప్పినట్టు అన్నీ చేస్తున్నారు, మొక్కలేమో రోజురోజుకూ దిగజారుతున్నాయి. ఇక ఫోన్లో తేలదని ఏప్రిల్ రెండో వారంలో స్వయంగా వెళ్లాను.

పెద్దావిడ చెప్పిన మాట

బాల్కనీలో నేను ఆకులు తిరగేస్తుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. బకెట్ అంచు లోపలి వైపు, మట్టి పైన తెల్లగా పొరలా పేరుకుని ఉంది. దాన్ని గోటితో గీకి, నాలుక మీద పెట్టుకుని చూశారు.

"ఇది చౌడు నాయనా. మా ఊరి చెరువు కింద చౌడు మడి ఉండేది, ఎండాకాలం అచ్చం ఇట్లే తెల్లగా పూసేది. అందులో టమోటా పెడితే కాయకు అడుగు నిలిచేది కాదు. పదిహేను దినాల కిందటే చెప్పినా, బకెట్లో చౌడు ఎట్ల వస్తుందిలే అన్నారు."

చౌడు అంటే ఉప్పు పేరుకున్న నేల. కోడలి వైపు చూశాను. "ఆంటీ అన్నారు నిజమే. కొన్న మట్టి కదా, చౌడు ఎలా అవుతుందని నేనే పట్టించుకోలేదు" అన్నారామె. అత్తను ఆంటీ అనడం ఆ ఇంట్లో అలవాటు.

"ఏ నీళ్లు పోస్తున్నారమ్మా?" అని అప్పుడు అడిగాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. ఆమె వంటింట్లోకి తీసుకెళ్లి సింక్ కింద నీలం టబ్ చూపించారు. తాగే నీళ్లను శుద్ధి చేసే ఆర్‌ఓ మెషీన్, ఉప్పు చిక్కబడిన నీటిని వదిలే వేస్ట్ పైపు అందులో ఉంది.

ఆ ఎండాకాలం బెంగళూరు ఎలా ఉందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండాయి, ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్లు క్యూ కట్టాయి. మార్చిలో నగర జలమండలి మొక్కలకూ, కార్లు కడగడానికీ తాగునీరు వాడకూడదని నిషేధం పెట్టి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఈ ఇంట్లో ఫిబ్రవరి రెండో వారం నుంచే కుళాయి నీళ్లు మొక్కలకు పోయడం మానేసి, ఆర్‌ఓ వేస్ట్ నీళ్లు పట్టి పోస్తున్నారు. నలుగురి తాగడానికీ వంటకూ ఆర్‌ఓ పెడితే వచ్చే వేస్ట్, పది మొక్కల రోజువారీ అవసరానికి సరిగ్గా సరిపోయింది. ఆ ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చుక్క నీరు వృథా చేయకూడదనుకున్నారు.

కొలిచి చూస్తే

సంచిలోంచి టీడీఎస్ పెన్ తీశాను, నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపించేది. వంటింటి కుళాయి నీళ్లు 780 పీపీఎం, అంటే లీటరులో దాదాపు 780 మిల్లీగ్రాముల ఉప్పు. ఆర్‌ఓ వేస్ట్ 1,120. ఒక బకెట్‌లో నిదానంగా నీళ్లు పోసి కింద కారిన వాటిని పట్టి కొలిస్తే 2,900. బుట్ట కింద కారినవి 3,600.

టమాటా ఉప్పును ఒక మోస్తరుగానే తట్టుకుంటుంది. నేలలో ఉప్పు కొలత, అంటే ఈసీ, 2.5 దాటాక ఒక్కో యూనిట్‌కూ దిగుబడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. నా పెన్ లెక్కలో ఈసీ 2.5 అంటే 1,250 పీపీఎం. కారే నీటిని కొలవడం, ల్యాబ్‌లో మట్టి సారాన్ని కొలవడం ఒకటి కాదు కానీ, 2,900 ఎంత దూరంలో ఉందో తెలియడానికి ఇది చాలు.

ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి అతికాయి. వేరు నీటిని లాగాలంటే మట్టి నీటిలో ఉప్పు తక్కువగా ఉండాలి. ఉప్పు పెరిగే కొద్దీ మట్టి తడిగా కనిపిస్తున్నా మొక్కకు ఆ తడి అందదు. తడి మట్టిలో ముడుచుకున్న ఆకులు, కాలిన అంచులు, రాలే పూత, నల్లటి అడుగు, అన్నిటికీ కారణం అదే. నేను రెండుసార్లు పోయమన్నప్పుడు ఉప్పు మోతాదు రెట్టింపయింది. కాల్షియం నైట్రేట్ కూడా ఉప్పే, దాని మీద అదొకటి వేయించాను. బుట్టల్లో మట్టి తక్కువ, ఆవిరి ఎక్కువ కాబట్టి అక్కడ ఉప్పు ఇంకా తొందరగా చిక్కబడింది.

కింది ఇంటివాళ్ల సంగతి కూడా ఇందులో ఉంది. జనవరి చివర్లో, మీ కుండీల నీళ్లు మా బాల్కనీలో ఆరేసిన బట్టల మీద పడుతున్నాయని వాళ్లు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన మాటే. అప్పటి నుంచి బకెట్ల కింద ట్రేలు పెట్టి, ఒక్క చుక్క కారకుండా చూసి చూసి పోస్తున్నారు. ట్రేలోకి దిగిన కాస్త నీటినీ మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు బయటికి వెళ్లే దారి లేదు. పొలంలో అయితే ఏటా వానకు ఉప్పు కిందికి దిగిపోతుంది. బకెట్‌కు కింద అంటూ ఏమీ లేదు.

ఇంకొకటి మిగిలింది. కుళాయి నీళ్లు 780 అంటే ఎక్కువే, కానీ బెంగళూరు బోరు నీళ్లలో అది వింతేం కాదు. మామూలుగా కఠిన జలంలో కాల్షియం బాగానే ఉంటుంది. అది ఉండి కూడా కాయలు ఇంతగా పాడవుతాయా? కిందికి దిగి సెక్యూరిటీ అతన్ని అడిగాను. బేస్‌మెంట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది, ట్యాంకర్ నీళ్లు మొదలైనప్పటి నుంచి ఉప్పు బస్తాలు ఎక్కువ పోయాల్సి వస్తోందని చెప్పాడు. సాఫ్ట్‌నర్ చేసే పని నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులు సోడియం ఇవ్వడం. బట్టలకూ గీజర్‌కూ మంచిదే, మొక్కకు కాదు. టీడీఎస్ పెన్ ఈ తేడా చూపించదు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న సంపు నీళ్లు కొలిస్తే 770. అంకె దాదాపు అదే, లోపలున్న ఉప్పు వేరు. అంటే ఈ మొక్కలు రెండు నెలలుగా తాగింది, కాల్షియం తీసేసి సోడియం నింపి, ఆపై ఆర్‌ఓలో చిక్కబరిచిన నీరు.

ఇంట్లో చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. సీసాలో ఆ నీళ్లు సగం పోసి, కాస్త సబ్బు గీకి వేసి ఊపండి. బోరు నీళ్లకు నురుగు సరిగా రాదు, తెల్లగా విరిగినట్టు అవుతుంది. బోరు నీళ్లే అని తెలిసి కూడా నురుగు పొంగిపోతుంటే దారిలో ఎక్కడో సాఫ్ట్‌నర్ ఉందన్నమాట.

ఏది కాపాడాలి, ఏది వదలాలి

మందు తెలిసింది: ఉప్పు తక్కువున్న నీటితో మట్టిని కడగాలి. కుండీ మట్టికి రెండింతల నీరు నిదానంగా పోసి కారిపోనివ్వాలి. కానీ ఆ ఏప్రిల్‌లో అలాంటి నీరు ఎక్కడిది? వాన జాడ లేదు. ఆర్‌ఓ మంచి నీళ్లు వాడదామంటే లీటరుకు రెండు లీటర్ల దాకా వేస్ట్ అవుతుంది, ఆ రోజుల్లో అది చేయమనడానికి నాకు మనసొప్పలేదు.

బాబు ఒక మాట అన్నాడు. "ఏసీ పైపు నీళ్లు పనికిరావా అంకుల్?" కొలిచాం, 30 పీపీఎం. గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. ఎండలకు రాత్రంతా ఏసీ నడుస్తోంది, బకెట్ పెడితే తెల్లారేసరికి నాలుగు లీటర్లు వస్తున్నాయి. తాగడానికి పనికిరాదు, మట్టి కడగడానికి అంతకంటే మంచి నీరు లేదు.

నాలుగు లీటర్లతో మిగిలిన తొమ్మిదీ కాపాడలేం. ఒక బకెట్ కడగాలంటే 40 లీటర్లు, అంటే పది రాత్రుల నీరు. ఈలోగా పొద రకం కాపు అయిపోతుంది. బుట్టకు 13 లీటర్లు చాలు, పైగా జారుడు రకం ఇంకొన్ని వారాలు పూస్తూనే ఉంటుంది. అందుకని బకెట్లు వదిలేద్దాం అన్నాను. మిగిలిన ఐదు రోమా మొక్కలు పీకుతుంటే ఆమె ఏమీ మాట్లాడలేదు. కాయలు ఉన్న మొక్క పీకడం ఎవరికైనా కష్టమే. రెండు బుట్టలకు ఏసీ నీళ్లు, మిగతా రెండింటికి సంపులోంచి పట్టిన ట్యాంకర్ నీళ్లు. ఆర్‌ఓ వేస్ట్ పూర్తిగా బంద్, ఎరువులన్నీ బంద్.

ఏసీ నీళ్లతో కడిగిన బుట్టల్లో మూడు వారాల్లోపే అంచు కాలని కొత్త ఆకులు వచ్చాయి. పాత ఆకులు, పాత కాయలు అలాగే ఉంటాయి, మచ్చ పడినది బాగవదు. కొత్తగా వచ్చే వాటినే చూడాలి. ట్యాంకర్ నీళ్ల బుట్టలు కూడా కోలుకున్నాయి కానీ ఆలస్యంగా. నాలుగింటిలోనూ పూత మాత్రం నిలవలేదు. ఆ ఏప్రిల్ చివర్లో బెంగళూరులో పగలు 38 డిగ్రీలు దాటింది. పగలు 32 నుంచి 35 దాటి, రాత్రీ చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పిందె కట్టదు. అది ఉప్పు తప్పు కాదని, మందులు వేయవద్దని చెప్పి ఆగమన్నాను. మే మొదట్లో వానలు పడ్డాయి, రాత్రులు చల్లబడ్డాయి, పిందెలు కట్టాయి. జూన్ మధ్యకల్లా కడిగిన బుట్టల్లో ఒక్కోదాని నుంచి నలభై దాకా చెర్రీ కాయలు కోశారు. ఒక్కటీ నల్లబడలేదు.

వెంటనే మళ్లీ వేయవద్దన్నాను

జూన్‌లో ఆమె రోమా మళ్లీ వేస్తానన్నారు. పక్కింటివాళ్లు అర్క రక్షక్ వేయమన్నారట. అది హేసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన హైబ్రిడ్. ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. మంచి రకమే. కానీ ఈ బాల్కనీకి వచ్చింది తెగులు కాదు. రకం మారిస్తే నీటి సంగతి మళ్లీ మరుగున పడుతుందని వద్దన్నాను.

వద్దనడానికి ఇంకో కారణం ఎండ. దక్షిణం బాల్కనీ టమాటాకు మేలు అని చెప్పే వీడియోలు ఇంగ్లండ్ లాంటి చోట్ల నుంచి వస్తాయి. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు 18 ప్రాంతం దాకా ఉత్తరానే ఉంటాడు. ఆ నాలుగు నెలలూ దక్షిణం బాల్కనీకి నేరుగా ఎండ పడదు. మార్చిలోనే, పై శ్లాబు తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటే, మధ్యాహ్నం ఎండ శ్లాబు అంచు నుంచి రెండడుగులే లోపలికి వస్తుంది. డిసెంబర్‌లో ఆరడుగులకు పైగా వస్తుంది. పొద టమాటాకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. కాబట్టి ఈ బాల్కనీలో టమాటా కాలం సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మిగిలిన బుట్టలను మే నెలలోనే తూర్పు వైపు బెడ్‌రూమ్ బాల్కనీకి మార్పించాను.

ఖాళీ సమయంలో బకెట్ల మట్టిని బాగు చేశాం. దీనికి దారి చెప్పింది కూడా పెద్దావిడే. "చౌడుకు జిప్సం చల్లి నీళ్లు నిలగట్టి తీసేస్తారు" అన్నారు. జిప్సంలోని కాల్షియం మట్టికి అంటుకున్న సోడియంను వదిలిస్తుంది, ఆ తర్వాత నీటితో అది కొట్టుకుపోతుంది. మట్టిని గ్రో బ్యాగుల్లో నింపి, ఒక్కో బకెట్ మట్టికి రెండు చెంచాల జిప్సం కలిపి, అసోసియేషన్ అనుమతితో మేడ మీద ఓ మూల వానకు వదిలేశారు. ఆగస్టులో కారే నీటిని కొలిస్తే 600 లోపు వచ్చింది. కొత్త వర్మికంపోస్ట్ కలిపి అదే మట్టి వాడాం.

మూడో విడత

ఆగస్టు మొదటి వారంలో నారు, సెప్టెంబర్ మొదట్లో నాటు. నాలుగు రోమా బకెట్లు, మూడు బుట్టలు. పది వద్దన్నాను, సరైన నీరు ఎన్నిటికి దొరుకుతుందో అన్నే.

సంపు దగ్గర సాఫ్ట్‌నర్‌కు ముందు ఒక కుళాయి ఉంది, అక్కడి నుంచి రోజూ రెండు క్యాన్లు తెచ్చుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంది. వాన రోజుల్లో వాన నీళ్లు పట్టారు. బకెట్లను ఇటుకల మీద ఎత్తి, ట్రేలో దిగిన నీటిని అదే పూట పారబోశారు. బుట్టల్ని ఆదివారం ఆదివారం దించి, బాత్‌రూమ్‌లో పెట్టి, బాగా కారేదాకా నీళ్లు పోసి, అరగంట ఆగి మళ్లీ తగిలించారు. కింది ఇంటివాళ్ల మీద చుక్క పడలేదు. తడిసిన బుట్ట ఏడెనిమిది కిలోలు ఉంటుంది, పెద్దావిడ ఎత్తకూడదని చిన్న కప్పీ బిగించారు. బుట్ట ఎప్పుడూ రెయిలింగ్ లోపలి వైపే ఉండాలి, కొక్కెంతో పాటు రెండో తీగ కట్టాలి. ఏడో అంతస్తు నుంచి జారితే కింద మనుషులుంటారు.

పక్క చిగుళ్లు గిల్లలేదు. ఆ ఎత్తుకు తుమ్మెదలు తక్కువ, అందుకని ఉదయం పది గంటలప్పుడు పూగుత్తుల్ని వేలితో మెల్లగా తట్టారు. అక్టోబర్ ముసురుకు కింది ఆకుల మీద ఆకుమాడు మచ్చలు వచ్చాయి. ఆ ఆకులు తీసేసి, బకెట్ల మధ్య దూరం పెంచారు. ఒక రోమా మొక్క అయినా పోయింది.

డిసెంబర్ చివరికి ఆమె నోట్‌బుక్‌లో లెక్క ఏడున్నర కిలోలు. అడుగు నల్లబడిన కాయలు ఐదు, ఐదూ మొదటి గుత్తివే. మొదటి గుత్తికి అలా కొన్ని పోవడం మామూలే, వేరు అప్పటికింకా కుదురుకోదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా మొక్క కంటే ముందు నీళ్ల దగ్గరికి వెళ్తాను. ఏ కుళాయి, ఏ ట్యాంకు, మధ్యలో ఏముంది, కుండీ కింది నుంచి నీరు ఎక్కడికి పోతుంది. బకెట్ కింద కారిన నీటిని కొలవకుండా ఎరువు పేరు ఎత్తను. ఆర్‌ఓ వేస్ట్ మొక్కలకు పోయండని గతంలో నేనే చాలామందికి చెప్పాను. కావేరీ నీళ్లు మాత్రమే వచ్చే ఇళ్లలో, నేలలో ఉన్న చెట్లకు అది నడుస్తుందేమో గానీ, బోరు నీళ్ల ఇంట్లో కుండీకి వద్దు. ఇల్లు తుడవడానికీ, టాయిలెట్‌లో పోయడానికీ పనికొస్తుంది.

మొదటి రోజే అడిగి ఉండాల్సిన ఇంకో ప్రశ్న ఉంది. మొదటి విడతకూ రెండో విడతకూ మట్టి అదే, విత్తనం అదే, బాల్కనీ అదే. మారినదేమిటి? నేను కాయను చూస్తూ ఉండిపోయాను. ఆ ఇంట్లో మూడో మనిషిని, ముప్ఫై పంటలు చూసిన మనిషిని, ఒక్క మాటా అడగలేదు.

2025 జనవరిలో ఆఖరిసారి వెళ్లినప్పుడు పెద్దావిడ బాల్కనీలో పీట వేసుకుని కూర్చుని, పసుపు చెర్రీ కాయలు తొడిమలతో సహా కోస్తున్నారు. బకెట్ అంచు గోటితో గీకి చూపించారు, ఏమీ రాలేదు. వెళ్లేటప్పుడు ఓ సంచిలో కాయలు పోసి, "పచ్చడికి పుల్లగా ఉండవు నాయనా, రసం పెట్టుకోండి" అన్నారు.